పిల్లలకు కీళ్లవాతం వస్తే రాయగడ నుంచి ఎటు వెళ్లాలి?

కీళ్లవాతం ముసలివాళ్ల జబ్బు అని మనలో చాలామందికి గట్టి నమ్మకం. అందుకే నాలుగేళ్ల పాప మోకాలు వాచి కుంటుతుంటే ఎక్కడో పడి ఉంటుందనుకుంటాం. ఎనిమిదేళ్ల పిల్లాడు పొద్దున్నే మంచం దిగడానికి ఏడిస్తే బడి ఎగ్గొట్టే వేషాలనుకుంటాం. పిల్లలకూ కీళ్లవాతం వస్తుంది. ఏడాది నిండిన పసివాళ్లకు కూడా రావచ్చు. వేళకు వైద్యం అందితే వీళ్లలో ఎక్కువమంది మిగతా పిల్లల్లాగే పరుగెత్తి ఆడుకుంటారు. అందకపోతే కీలు బిగుసుకుపోతుంది, కాలు వంకర తిరుగుతుంది, కొందరికి చూపు కూడా పోతుంది.

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్, జయపురం వైపు ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ వేళకు అందడం దగ్గరే చిక్కంతా. పిల్లల రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే నిపుణుడు, చుట్టుపక్కల లేరన్నది నిజం. ఆ కొరత దేశమంతటా ఉంది. కానీ నాకు అంతకన్నా పెద్ద లోటుగా కనిపించేది ఇంకొకటి ఉంది. బిడ్డకున్నది ఈ జబ్బేమో అని అనుమానపడి, ఫలానా చోటికి తీసుకెళ్లండని చీటీ రాసిచ్చేవాళ్లు దగ్గర్లో లేరు. నిపుణుడి దగ్గరికి ప్రయాణం ఒక రాత్రి. ఆ ప్రయాణం కట్టడానికి ముందు పోయేవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఆ నెలలు ఎక్కడెక్కడ పోతున్నాయో విడివిడిగా చూస్తే తప్ప, ఏం చెయ్యాలో తెలియదు.

జబ్బు ఒకటి కాదు

పదహారేళ్లలోపు మొదలై, ఏ ఇతర కారణమూ దొరక్కుండా, ఒక కీలు గానీ ఎక్కువ కీళ్లు గానీ ఆరు వారాలకు పైగా వాచి ఉంటే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. పొట్టిగా జేఐఏ. రోగాల మీద పోరాడాల్సిన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ల మీదికే మళ్లడం వల్ల వస్తుంది. తల్లిదండ్రులు చేసిన తప్పేమీ ఇందులో లేదు. తిండి వల్ల రాదు, చల్లనీళ్ల వల్ల రాదు, దిష్టి వల్ల రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

దీనిలో చాలా రకాలున్నాయి. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఒకటి నుంచి నాలుగు కీళ్లకు మాత్రమే వచ్చే రకం ఒకటి. చూడ్డానికి ఇది తేలికగా కనిపిస్తుంది గానీ కంటికి ముప్పు ఎక్కువగా ఉన్నది దీనిలోనే. ఐదు, అంతకుమించి కీళ్లకు పాకే రకం మరొకటి. మన దేశంలో ఎదిగిన మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం ఇంకొకటుంది. దానిలో మడమ వెనక నొప్పి, తుంటి నొప్పి, నడుము నొప్పి వస్తాయి. పదేళ్లు దాటిన పిల్లాడు మడమ నొప్పంటే చెప్పులు మార్చి ఊరుకోవడం మామూలే కాబట్టి ఈ రకం చాలాకాలం బయటపడదు.

అన్నిటికన్నా మోసం చేసేది ఒళ్లంతా పట్టే సిస్టమిక్ రకం. రోజుకోసారి, చాలావరకు సాయంత్రం పూట, జ్వరం ఒక్కసారిగా ఎగసి దిగిపోతుంది. జ్వరం ఉన్నప్పుడు ఒంటి మీద లేత గులాబీ రంగు దద్దుర్లు వచ్చి మాయమవుతాయి. నల్లటి ఒంటి మీద అవి సరిగా కనిపించవు కూడా. కీళ్ల వాపు వారాల తర్వాత గానీ రాకపోవచ్చు. మన ప్రాంతంలో జ్వరమంటే ముందు మలేరియా గుర్తుకొస్తుంది, తర్వాత టైఫాయిడ్. అలా అనుకోవడం తప్పు కాదు, ఇక్కడ మలేరియా నిజంగానే ఎక్కువ. కానీ మలేరియా మందు వాడి, రెండు రకాల యాంటీబయాటిక్ కోర్సులు అయిపోయి, మూడో వారం కూడా జ్వరం అదే వేళకు వస్తుంటే మూడో యాంటీబయాటిక్ వెతకడం ఆపి, వేరే జబ్బేమో అని ఆలోచించాలి. ఈ రకంలో కొందరికి ఉన్నట్టుండి రక్తకణాలు పడిపోయి, కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అది గంటల్లో పెద్దాసుపత్రికి చేర్చాల్సిన పరిస్థితి.

జేఐఏ ఒక్కటే కాదు. ఎండ తగిలితే ముఖం మీద మచ్చలు, నోట్లో పుళ్లు, మూత్రపిండాలకు దెబ్బ తెచ్చే లూపస్ పిల్లల్లో కూడా ఉంది. కనురెప్పల మీద ఊదారంగు, వేలి కణుపుల మీద ఎర్రటి పొక్కులు, కింద కూర్చుంటే లేవలేనంత నీరసం తెచ్చే డెర్మటోమయోసైటిస్ ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే కవాసాకి జబ్బు ఉంది. ఐదు రోజులు దాటిన జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదాలు, వాచిన చేతులు, కాళ్లు దాని గుర్తులు. కవాసాకి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు నరం ద్వారా ఎక్కిస్తే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు చాలావరకు బాగుంటాయి. ఎక్కించకపోతే నలుగురిలో ఒకరికి ఆ నాళాలు ఉబ్బుతాయి. బిడ్డ బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున ఇవ్వాలి. అంటే 15 కిలోల బిడ్డకు 30 గ్రాములు, 5 గ్రాముల సీసాలు ఆరు. ఖరీదైన మందు. పది రోజుల్లో జబ్బు గుర్తుపట్టి, మందు ఉన్నచోటికి బిడ్డను చేర్చాలి.

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు? ఐరోపా, అమెరికా దేశాల లెక్కల్లో లక్ష మంది పిల్లలకు 16 నుంచి 150 మంది దాకా జేఐఏ ఉన్నవాళ్లు తేలారు. 2011 జనాభా లెక్కల్లో రాయగడ జిల్లా జనం 9 లక్షల 60 వేల పైచిలుకు. అందులో మూడో వంతు పిల్లలనుకుని అదే నిష్పత్తి వేసినా, ఒక్క జిల్లాలోనే 50 మందికి తక్కువ కాకుండా, 480 దాకా ఉండాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఇదేదో అరుదైన జబ్బు, మన ఊళ్లో ఎందుకుంటుంది అని కొట్టిపారేయడానికి మాత్రం వీల్లేదని ఈ లెక్క చెబుతోంది.

నెలలు ఎక్కడ పోతున్నాయి

మొదట పోయేది ఆసుపత్రి గడియారం దగ్గర. ఈ జబ్బుకు పెద్ద గుర్తు పొద్దున్నే కీళ్లు పట్టేయడం. తల్లులు దీన్ని చక్కగా చెబుతారు. "పొద్దున లేస్తే కాలు కింద పెట్టనేడండి, బారెడు పొద్దెక్కితే మళ్లీ బాగానే ఆడతాడు." ఏ పరీక్షకూ దొరకనంత సమాచారం ఈ ఒక్క మాటలో ఉంది. కానీ ఊళ్లో తొలి బస్సు పట్టుకుని, జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, డాక్టరు ముందుకొచ్చేసరికి పదకొండవుతుంది. అప్పటికి పట్టు వదిలిపోతుంది. డాక్టరు గదిలో బిడ్డ మామూలుగా నడుస్తాడు. ఎదిగే నొప్పులమ్మా, కాల్షియం వాడండి అన్న మాటతో ఇంటికొచ్చేస్తారు.

ఎదిగే నొప్పులు నిజంగా ఉన్నాయి. అవి సాయంత్రం గానీ రాత్రి గానీ వస్తాయి, రెండు కాళ్లకూ వస్తాయి, తెల్లారేసరికి ఏమీ ఉండవు. బిడ్డ కుంటడు, కీలు వాయదు. పొద్దున్నే వచ్చే నొప్పి, ఒకే కాలుకు వచ్చే నొప్పి, కుంటుతో వచ్చే నొప్పి ఎదిగే నొప్పి కాదు. అందుకే ఫోను ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట చెబుతాను. పొద్దున లేవగానే బిడ్డ మంచం దిగి నాలుగడుగులు వేస్తున్నప్పుడు వీడియో తీయండి. వాచిన కీలు ఫోటో తీయండి. దద్దుర్లు వస్తే జ్వరంలో ఉండగానే ఫోటో తీయండి. పదకొండింటికి డాక్టరు చూడలేనిది ఆ వీడియోలో కనిపిస్తుంది.

భాష దగ్గర కూడా కొంత పోతుంది. ఈ జబ్బు పట్టుకోవడానికి రక్త పరీక్ష కంటే తల్లి చెప్పే కథే ముఖ్యం. ఎప్పటి నుంచి, ఏ పూట, ఎంతసేపు, ఏ కీలు ముందు అన్నవన్నీ ఆమె నోటి నుంచి రావాలి. డాక్టరుకు ఒడియా, తల్లికి తెలుగు, మధ్యలో వార్డుబాయ్ అనువాదం అయితే "కాళ్ల నొప్పులంట సార్" అన్న రెండు ముక్కలే గది లోపలికి చేరతాయి. కువి, సవర మాట్లాడే కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. ఇంట్లో ఒడియా బాగా వచ్చినవాళ్లుంటే వాళ్లను వెంట తీసుకెళ్లడం ఒక దారి. తల్లి చెప్పేది ముందే ఒక కాగితం మీద తారీఖులతో రాయించుకోవడం మరో దారి.

ఆ తర్వాత పరీక్షల దగ్గర దారి తప్పుతుంది. పిల్లలకు కీళ్ల నొప్పులంటే చాలాచోట్ల ముందు రాసేది ఏఎస్‌వో, ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్షలు. ఏఎస్‌వో పెరిగి ఉంటే రుమాటిక్ జ్వరం అని తేల్చి, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఇక్కడ కాస్త ఆగి, జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

రుమాటిక్ జ్వరం నిజంగా ప్రమాదకరమైన జబ్బు, మన ప్రాంతంలో ఇంకా ఉంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో వస్తుంది. కీళ్ల నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు మారుతూ పోతుంది, మామూలు నొప్పి మందులకే రెండు మూడు రోజుల్లో బాగా తగ్గుతుంది, కొన్ని వారాల్లో పూర్తిగా పోతుంది. కానీ గుండె కవాటాలను దెబ్బతీసి పోతుంది. ఆ దెబ్బ పెరగకుండా ఉండటానికే బెంజాథీన్ పెన్సిలిన్ ఏళ్ల తరబడి ఇస్తారు. ఆ ఇంజెక్షన్ మానేస్తే గుండెకు ముప్పు.

చిక్కు ఏమిటంటే, ఏఎస్‌వో పెరగడమంటే ఈమధ్య ఆ సూక్ష్మజీవి సోకింది అని మాత్రమే అర్థం. బడికెళ్లే వయసులో ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా చాలామందికి అది పెరిగి ఉంటుంది. జేఐఏ ఉన్న బిడ్డకూ పెరిగి ఉండొచ్చు. అప్పుడు ఆ బిడ్డకు పెన్సిలిన్ పడుతూనే ఉంటుంది, మోకాలు వాచే ఉంటుంది, నెలలు గడుస్తూనే ఉంటాయి. తేడా పట్టుకోవడానికి సులువైన కొలత ఆరు వారాలు. రుమాటిక్ జ్వరం వాపు అన్నాళ్లు ఒకే కీలులో కూర్చోదు. అన్నాళ్లు కూర్చుందంటే రోగ నిర్ధారణను మళ్లీ మొదటి నుంచి చూడాలి, గుండెకు ఎకో (స్కానింగ్) తీయించాలి. పెన్సిలిన్ ఆపాలా వద్దా అన్నది ఎకో చూసిన డాక్టరే చెప్పాలి. ఇది చదివి ఎవరూ సొంతంగా ఇంజెక్షన్ ఆపకూడదు.

ఆర్ఏ ఫ్యాక్టర్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. జేఐఏ ఉన్న పిల్లల్లో అత్యధికులకు అది నెగెటివ్‌గానే వస్తుంది. రిపోర్టు నెగెటివ్, కాబట్టి కీళ్లవాతం లేదు అనడం పిల్లల విషయంలో తప్పు. జేఐఏ ఉందో లేదో తేల్చే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. కీలును చేత్తో పట్టి చూసి, కథ విని, ఇతర జబ్బులు లేవని తేల్చుకుని చెప్పాల్సిందే.

ఆ ఇతర జబ్బుల్లో మన ప్రాంతానికి ముఖ్యమైనవి మూడు. కీలు క్షయ ఒకటి, చాలావరకు ఒకే కీలుకు వస్తుంది. రెండోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఇది ఎక్కువ. పసిపిల్లలకు చేతివేళ్లు, కాలివేళ్లు వాచిపోవడం, పెద్దపిల్లలకు భరించలేని ఎముకల నొప్పి దీని గుర్తులు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. కీళ్ల నొప్పులున్న బిడ్డకు ఈ పరీక్ష అయిందో లేదో ముందే చూసుకోవాలి. మూడోది రక్త క్యాన్సర్. పైకి కనిపించే వాపు కంటే నొప్పి ఎక్కువగా ఉన్నా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, బిడ్డ పాలిపోయి బరువు తగ్గుతున్నా డాక్టర్లు ముందు దాన్ని అనుమానించాలి.

ఇక స్టెరాయిడ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డెక్సామెథసోన్ సూదితో రెండు రోజుల్లో బిడ్డ లేచి ఆడుతుంది. ఆ తల్లికి ఆయన దేవుడిలా కనిపించడంలో వింత లేదు. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. నిపుణులు కూడా వాడతారు. సిస్టమిక్ రకంలో, లూపస్‌లో అదే ప్రాణం నిలబెడుతుంది. కానీ కొలత లేకుండా, జబ్బేమిటో తెలియకుండా నెలల తరబడి పడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎత్తు పెరగడం ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. అంతకన్నా భయంకరమైనది, రక్త క్యాన్సర్ ఉన్న బిడ్డకు స్టెరాయిడ్ పడితే కొన్నాళ్లు జబ్బు దాక్కుంటుంది, తర్వాత వైద్యం కష్టమవుతుంది. అలాగని చాలా వారాలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కరోజులో ఆపేయడం కూడా ప్రాణాపాయమే, మెల్లగా తగ్గించాలి. పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు ఊళ్లో ఏ సూది, ఏ మాత్ర ఎన్నాళ్లు పడిందో దాచకుండా చెప్పాలి. తిడతారన్న భయంతో తల్లులు ఇది దాస్తారు. డాక్టర్లు ఈ విషయం కోపం లేకుండా అడగడం నేర్చుకుంటే ఎంత మేలో.

రైలు ఒక దారి, కార్డు మరో దారి

జబ్బు అనుమానించారు, వెళ్లాలని తేలింది. ఎటు? రాయగడ నుంచి భువనేశ్వర్ వెళ్లే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా ఆంధ్రలోకి దిగి, శ్రీకాకుళం రోడ్డు, పలాస దాటి, బరంపురం దగ్గర మళ్లీ ఒడిశాలోకి వస్తుంది. సొంత రాష్ట్ర రాజధానికి పక్క రాష్ట్రం గుండా రాత్రంతా ప్రయాణం. విశాఖపట్నమైతే కొన్ని గంటల్లో చేరొచ్చు. అక్కడ భాష మనది, చుట్టాలున్నారు, అన్నం మన అన్నం. కాబట్టి కాళ్లు విశాఖ వైపు లాగుతాయి.

కార్డు మాత్రం ఇటు లాగుతుంది. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ఆ రాష్ట్రంలో కార్డున్న కుటుంబాలకే. పార్వతీపురంలో ఉన్న మేనమామ పిల్లలకు వర్తించేది రాయగడలో ఉన్న మేనల్లుడికి వర్తించదు. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరి, దాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలు చేస్తోంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు దేశంలో ఆ పథకంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లాలన్నది నియమం. కాబట్టి విశాఖ వెళ్లే ముందు ఆ ఆసుపత్రి పథకంలో ఉందా, పిల్లల విభాగానికి కూడా ఉందా అని ఫోన్ చేసి కనుక్కోవాలి.

కానీ అసలు గోడ ఇది కాదు. ఈ పథకాలన్నీ ఆసుపత్రిలో చేరిన రోగి కోసం కట్టినవి. ఆపరేషన్ అయితే డబ్బు వస్తుంది, మంచం ఎక్కితే డబ్బు వస్తుంది. ఆయుష్మాన్ కింద ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజుల మందుల ఖర్చు కలిసి ఉంటుంది. అంతే. పిల్లల కీళ్లవాతం ఏళ్ల తరబడి ఓపీలో నడిచే జబ్బు. నెలనెలా మందు, రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్ష, మూడు నెలలకోసారి కంటి పరీక్ష, ఫిజియోథెరపీ, అటూ ఇటూ ప్రయాణం, తల్లో తండ్రో కోల్పోయే కూలి. వీటిలో ఒక్కటీ ఆ 5 లక్షల్లోకి రాదు. తుంటి కీలు పూర్తిగా పాడై, పెద్దయ్యాక కృత్రిమ కీలు వేయించుకోవాల్సి వస్తే అప్పుడు పథకం ముందుకొస్తుంది. కీలు పాడవకుండా కాపాడే చవక మందుకు రాదు. ఇది నాకు మింగుడుపడని విషయం.

రైల్వే రాయితీలూ ఇంతే. క్యాన్సర్, తలసీమియా, సికిల్ సెల్ వంటి జబ్బులున్న వాళ్లకు వైద్యానికి వెళ్లేటప్పుడు టికెట్టులో రాయితీ ఉంది. ఆ జాబితాలో పిల్లల కీళ్లవాతం లేదు.

నిపుణులు ఎక్కడున్నారు? పిల్లల రుమటాలజీలో, ఎండీ తర్వాత చేసే డీఎం చదువు ఉన్న చండీగఢ్ పీజీఐ ఎక్కడో ఉత్తరాన ఉంది. మనకు అందుబాటులో కటక్ ఎస్‌సీబీ, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల రుమటాలజీ విభాగాలున్నాయి. పిల్లల కోసమే శిక్షణ పొందినవాళ్లు కొద్దిమంది హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో ఉన్నారు. విశాఖలో పెద్దలను చూసే రుమటాలజిస్టులు ఉన్నారు. పిల్లల నిపుణుడు దొరికేదాకా ఆగుదామని నెలలు పోగొట్టడం కంటే, ముందు దగ్గర్లోని రుమటాలజిస్టును కలిసి వైద్యం మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

మందు దూరం కాదు

ఇంత చెప్పాక ఒక మంచి మాట. ఈ జబ్బుకు వెన్నెముక లాంటి మందు మెథోట్రెక్సేట్. పాత మందు, చవక మందు, ఏ జిల్లా కేంద్రంలోనైనా తెప్పించుకోగల మందు. వారానికి ఒక్కసారే వేయాలి, దానితోపాటు డాక్టరు చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్. వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకు ఒకటి అని పొరబడితే ప్రాణం పోతుంది, కాబట్టి వారం పేరు, ఉదాహరణకు ఆదివారం అని, అట్ట మీద పెద్దక్షరాలతో రాయించుకోవాలి. హాస్టల్లో చదివే బిడ్డయితే మాత్రలు చూసుకునే మేట్రన్‌కు ఇది ఎదురుగా నిలబడి చెప్పాలి. పని చేయడం మొదలవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలకే గుణం లేదని ఆపేయడం మన దగ్గర మామూలు, అదే పెద్ద నష్టం. ఒకటి రెండు కీళ్లకే ఉంటే ఆ కీలులోకే స్టెరాయిడ్ సూది వేస్తారు, అది ఊళ్లో వేసే సూది లాంటిది కాదు, నెలల తరబడి వాపు రాకుండా ఆపుతుంది.

వీటికి లొంగనప్పుడు అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్, టొసిలిజుమాబ్ లాంటి బయోలాజిక్ మందులు, అంటే రక్షణ వ్యవస్థలో వాపు తెచ్చే భాగాన్నే అడ్డుకునే మందులు, ఉన్నాయి. అడాలిముమాబ్‌కు మన దేశంలోనే 2014లో బయోసిమిలర్, అంటే దానికి సాటి వచ్చే చవక రూపం, వచ్చింది, ధర దిగింది. అయినా కూలి కుటుంబానికి అందేంత దిగలేదు. వీటిని మొదలుపెట్టే ముందు క్షయ లేదని తేల్చుకోవడం మన ప్రాంతంలో తప్పనిసరి.

నిపుణుడిని ఏడాదికి రెండు మూడుసార్లు చూస్తే సరిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. మిగతాదంతా, అంటే రక్త పరీక్షలు, మందు రాయడం, బరువు ఎత్తు కొలవడం, వ్యాయామాలు చూపించడం రాయగడలోనో కోరాపుట్‌లోనో పిల్లల డాక్టరు చేయగలడు. దానికి కావాల్సింది నిపుణుడికీ ఆయనకూ మధ్య ఒక ఫోన్ నంబరు, ఒక ఫైలు. డాక్టరుకు డాక్టరు మాట్లాడుకునే ఏర్పాటు కేంద్ర ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవనిలో 2019 నుంచే ఉంది. బరంపురంలో 1962 నుంచి ఎంకేసీజీ వైద్య కళాశాల, కోరాపుట్‌లో 2017 నుంచి ఎస్‌ఎల్‌ఎన్ వైద్య కళాశాల ఉన్నాయి. రెండింటిలోనూ పిల్లల విభాగాలున్నాయి. ఆ విభాగాల్లో ఒక్కొక్క డాక్టరుకు కటక్‌లోనో నిమ్స్‌లోనో కొన్ని నెలల శిక్షణ ఇప్పిస్తే ఈ మొత్తం ప్రాంతానికి ముఖం మారుతుంది.

ఇది జరగని పని కాదని చెప్పడానికి కంటి వైద్యమే సాక్ష్యం. జేఐఏ వల్ల కంటి లోపల వచ్చే వాపు ఎరుపు చూపించదు, నొప్పి చూపించదు. బిడ్డ చూపు మసకబారిందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కంటి డాక్టర్ల దగ్గరుండే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తే తప్ప బయటపడదు. అందుకే ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడు నెలలకోసారి ఆ పరీక్ష చేయాలి. ఈ ఒక్క పరీక్షకు మాత్రం రాయగడ బిడ్డ రైలెక్కక్కర్లేదు. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి కేంద్రం రాయగడలోనే ఉంది, ఆ సంస్థ జిల్లాలో గిరిజన పిల్లల కళ్లను బళ్లకు వెళ్లి పరీక్షించింది. కింద చిన్న కేంద్రాలు, జిల్లాలో ఒక ఆసుపత్రి, పైన భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో పెద్దాసుపత్రులు అని మెట్లు కట్టారు. కిందివాళ్లకు ఏం గుర్తుపట్టాలో, ఎవరిని పైకి పంపాలో నేర్పారు. కళ్లకు చేసింది కీళ్లకు ఎందుకు చేయలేం?

బడికి వచ్చే బృందం చేతిలో

అన్నిటికన్నా తొందరగా మారగలిగేది ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్లకు ఏడాదికోసారి వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్ల దగ్గరున్న జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. కీళ్లవాతం లేదు. బిడ్డ కుంటుతూ ఎదురుగా నడిచి వెళ్లినా టిక్కు పెట్టడానికి గడి లేదు.

దీనికి యంత్రాలు అక్కర్లేదు. పిల్లల కీళ్లను రెండు నిమిషాల్లో చూసే పద్ధతి ఒకటి బ్రిటన్‌లో తయారై, పీగాల్స్ అన్న పేరుతో చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అది మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. కీళ్లలో, కండరాల్లో, నడుములో నొప్పి గానీ పట్టేయడం గానీ ఉందా? ఒకరి సాయం లేకుండా బట్టలు వేసుకోగలుగుతున్నావా? మెట్లు ఎక్కి దిగడం కష్టంగా ఉందా? తర్వాత బిడ్డను నడిపించి, పిడికిలి పట్టించి, చేతులు పైకెత్తించి, మోకాళ్లు వంచి చూడటం. మన ఊళ్లల్లో మెట్ల బదులు బోరింగు కొట్టగలవా, మరుగుకు కూర్చుని లేవగలవా అని అడిగినా సరిపోతుంది. ఆ ప్రశ్నలు ఒడియాలో, తెలుగులో, కువిలో, సవరలో అచ్చువేసి బృందాల చేతికివ్వడానికి జిల్లా స్థాయిలోనే అనుమతి సరిపోతుంది. ఆరు వారాలు దాటిన వాపు గానీ కుంటు గానీ కనిపిస్తే, ఆశా కార్యకర్త ఫోనులో తీసిన పొద్దుటి వీడియోతో సహా జిల్లా పిల్లల డాక్టరుకు పంపాలి. ఆయన అదే వారం ఈ-సంజీవనిలో రుమటాలజిస్టుతో మాట్లాడి, వెళ్లాల్సిన ఆసుపత్రి పేరు, తారీఖు, ఏ కార్డు చెల్లుతుందో చీటీ మీద రాసి తల్లి చేతిలో పెట్టాలి.